శాతం వచ్చింది సరే, ఎక్కడి నుంచి వచ్చింది?

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీయో బయోకెమిస్ట్రీయో పూర్తిచేసి న్యూరోసైన్స్ ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గానో జేఆర్ఎఫ్‌గానో చేరబోతున్నవాళ్ల కోసం, కంప్యూటర్ వైపు నుంచి ఇదే రంగంలోకి వస్తున్నవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. మెదడు ఆర్ఎన్ఏ మీద పని అనగానే అందరికీ ముందు యంత్రాలు, కిట్లు గుర్తొస్తాయి. వాటిని నడపడం కొన్ని నెలల్లో ఎవరికైనా పట్టుబడుతుంది. ఉద్యోగంలో మిమ్మల్ని నిలబెట్టేది అది కాదు. మీరిచ్చిన అంకె జబ్బు వల్ల వచ్చిందా, ఫ్రీజర్ వల్ల వచ్చిందా అని పక్కవాళ్లు నిలదీస్తే కాగితం తీసి చూపించగలగాలి. స్కిజోఫ్రీనియాలో సెరటోనిన్ రిసెప్టర్ ఆర్ఎన్ఏ మీద పాతికేళ్లుగా జరిగిన పనిని చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

ముందు విషయం పట్టుకోండి

సెరటోనిన్‌ను అందుకునే రిసెప్టర్లు మెదడులో చాలా రకాలున్నాయి. వాటిలో 5-హెచ్‌టీ2సీ ఒకటి. దాని జన్యువు హెచ్‌టీఆర్2సీ, ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఈ జన్యువులో ఉన్నది ఉన్నట్టు ప్రోటీన్‌లోకి పోదు. ఆర్ఎన్ఏ దశలో ఏడార్ అనే ఎంజైములు కొన్ని అడినోసిన్లను ఇనోసిన్లుగా మార్చేస్తాయి. ఇనోసిన్‌ను రైబోజోము జి అనుకునే చదువుతుంది. మన ల్యాబ్‌లో వాడే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ కూడా అలాగే అనుకుంటుంది. అందుకని డీఎన్ఏలో ఎ ఉన్నచోట సీడీఎన్ఏలో జి కనబడితే అక్కడ ఎడిటింగ్ జరిగిందని లెక్క.

ఈ ఆర్ఎన్ఏలో అలాంటి చోట్లు ఐదు: ఎ, బి, సి-ప్రైమ్, సి, డి. ఐదూ 13 అక్షరాల నిడివిలోనే కిక్కిరిసి ఉంటాయి. ఎ, బి స్థానాల్లో ప్రధానంగా ఏడార్1, డి స్థానంలో ఏడార్2 పనిచేస్తాయి. ఒక్కో చోట మారడమో మారకపోవడమో కాబట్టి 32 రకాల ఆర్ఎన్ఏలకు వీలుంది. ప్రోటీన్‌లో మారేది మూడు అమైనో ఆమ్లాలే: 156వ దానికి మూడు అవకాశాలు, 158కి నాలుగు, 160కి రెండు. గుణిస్తే 24 రిసెప్టర్లు. అసలు ఎడిట్ కానిదాన్ని ఐ-ఎన్-ఐ అనీ, అన్నిచోట్లా ఎడిట్ అయినదాన్ని వి-జి-వి అనీ అంటారు. ఐ-ఎన్-ఐ రూపం సెరటోనిన్ తగలకపోయినా లోపలికి కొంత సంకేతం పంపుతూనే ఉంటుంది. వి-జి-వికి జి-ప్రోటీన్‌తో పొత్తు బాగా తక్కువ. ఎడిటింగ్‌తో రిసెప్టర్ పనితీరు మారుతుందని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ ఎమెసన్ బృందం 1997లో నేచర్ పత్రికలో చూపించింది.

స్కిజోఫ్రీనియాకు దీంతో సంబంధం ఏమిటంటే, క్లోజపిన్ లాంటి మందులు డోపమైన్ రిసెప్టర్లతో పాటు 5-హెచ్‌టీ2ఏ, 5-హెచ్‌టీ2సీలను కూడా పట్టుకుంటాయి. ఈ మందులతో కొందరు విపరీతంగా బరువు పెరగడానికి 2సీ రిసెప్టర్‌ను అడ్డుకోవడం ఒక కారణమని భావిస్తారు. ఈ రిసెప్టర్ లేని ఎలుకలు ఎక్కువ తిని లావెక్కుతాయని 1995లోనే తేలింది. మరి జబ్బున్నవాళ్ల మెదడులో ఈ ఎడిటింగే తేడాగా ఉంటే?

ఒకే ఏడాది, రెండు జవాబులు

2001లో బ్రిటన్ బృందం ఒకటి, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల ఫ్రంటల్ కార్టెక్స్‌లో ఎడిటింగ్ తగ్గిందనీ, ఐ-ఎన్-ఐ రూపం పెరిగిందనీ ప్రకటించింది. నమూనాలు చాలా కొద్ది. అదే ఏడాది అమెరికాలో నిస్వెండర్ బృందం ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ను చూసి, స్కిజోఫ్రీనియా వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదంది. అయితే ఆత్మహత్యతో చనిపోయినవాళ్లలో మాత్రం, జబ్బు ఏదైనా సరే, ఎ స్థానంలో ఎడిటింగ్ పెరిగి కనిపించింది. 2003లో జపాన్ నుంచి ఇవామోతో, కాతో చేసిన పరిశీలనలోనూ స్కిజోఫ్రీనియాకు స్పష్టమైన తేడా దొరకలేదు.

కొత్తగా చేరినవాళ్లు ఈ పేపర్లు చదివి ఎవరిది తప్పు అని వెతుకుతారు. మీ ఉద్యోగానికి పనికొచ్చే ప్రశ్న అది కాదు. నమూనాల పట్టికలో ఏ గడి ఉండి ఉంటే ఈ రెంటికీ పొత్తు కుదిరేది అని అడగండి. "ఎలా చనిపోయారు" అన్న గడి నింపకపోతే, ఆత్మహత్య తాలూకు తేడా జబ్బు ఖాతాలో పడిపోతుంది. "ఏ మందులు వాడారు" అన్న గడి లేకపోతే మందు తెచ్చిన మార్పు కూడా జబ్బుదే అవుతుంది.

ఆ తర్వాత పద్ధతి మారింది. 2019లో నేచర్ న్యూరోసైన్స్‌లో వచ్చిన పరిశోధన, కామన్‌మైండ్ కన్సార్షియం సేకరించిన 364 మంది స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల, 383 మంది లేనివాళ్ల నమూనాల్లో మొత్తం ఆర్ఎన్ఏ ఎడిటింగ్‌ను పరిశీలించింది. ఆంపా రకం గ్లుటమేట్ రిసెప్టర్ల జన్యువుల్లో ఎడిటింగ్ తగ్గిందనీ, ప్రోటీన్ తయారీని మొదలుపెట్టే యంత్రాంగం జన్యువుల్లో పెరిగిందనీ చెప్పింది. ఒక్క రిసెప్టర్, పిడికెడు నమూనాల నుంచి వందల నమూనాలకూ వేల స్థానాలకూ రంగం జరిగింది. ఉద్యోగాలు కూడా అటే జరిగాయి.

ఫ్రీజర్ దగ్గర

మెదడు ముక్క మీ చేతికి వచ్చేసరికే దానికో చరిత్ర ఉంటుంది. చనిపోయిన ఎన్ని గంటలకు తీశారు (ల్యాబుల్లో దీన్నే పీఎంఐ అంటారు), కణజాలం పీహెచ్ ఎంత, చివరి గంటల్లో ఊపిరాడక బాధపడ్డారా, వయసు, లింగం, పొగ అలవాటు, మందులు, మైనస్ 80లో ఎన్నాళ్లుంది. పని మొదలుపెట్టకముందే ఈ పట్టిక మీ దగ్గరుండాలి. లేదంటే ఆదిలోనే హంసపాదు. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీదిది కాబట్టి రెండు గుంపుల్లోనూ ఆడ, మగ పాళ్లు సరితూగాయో లేదో ముందే చూసుకోండి.

ఏ భాగం నుంచి కోశారన్నదీ ముఖ్యమే. వెంట్రికల్ గోడలకు ఎర్రగా కుచ్చులు కుచ్చులుగా అంటుకుని ఉండే కోరాయిడ్ ప్లెక్సస్‌లో 5-హెచ్‌టీ2సీ ఆర్ఎన్ఏ విపరీతంగా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ఎడిట్ కానిదే. హిప్పోక్యాంపస్ కోస్తున్నప్పుడు దాని పీలిక ఒకటి వెంట వచ్చిందంటే మీ ఎడిటింగ్ శాతం పడిపోతుంది, జబ్బు ఉన్నా లేకున్నా. దీన్ని పట్టుకునే దారి ఉంది: కోరాయిడ్ ప్లెక్సస్‌లో ట్రాన్స్‌థైరెటిన్ జన్యువు చాలా ఎక్కువగా పలుకుతుంది. అదే సీడీఎన్ఏలో దాన్నీ కొలవండి. ఒక్క నమూనాలోనే అది ఎగిరి కూర్చుంటే ఆ నమూనాను పక్కనపెట్టి మీ సూపర్‌వైజర్‌తో మాట్లాడండి.

కోతంతా డ్రై ఐస్ మీదే. స్కాల్పెల్‌ను కూడా ముందే చల్లబరచండి. గట్టిగా, పొడిగా ఉన్న ముక్క అంచు తడిగా మెరిసిందంటే కరగడం మొదలైనట్టే. వెంటనే ఆపి వెనక్కి పెట్టేయండి. కరిగి మళ్లీ గడ్డకట్టిన ముక్కలో ఆర్ఎన్ఏ చితికిపోతుంది. ఇది ఫార్మలిన్‌లో పెట్టని మనిషి కణజాలం, అందుకని బీఎస్ఎల్-2 నియమాలు తప్పవు. హెపటైటిస్ బి టీకా పూర్తయిందా అని చేరిన మొదటి వారమే చూసుకోండి, ఎవరో అడిగేదాకా ఆగకండి.

జబ్బున్నవాళ్ల నమూనాలన్నీ సోమవారం, లేనివాళ్లవి మంగళవారం చేయకండి. ప్రతి రోజూ రెండు రకాలూ కలిపి, ఏది ఏదో మీకు తెలియకుండా కోడ్ నంబర్ల మీద చేయండి. కోడ్ తాళం ఇంకొకరి దగ్గర ఉండాలి. ఈ ఒక్క అలవాటు తర్వాత వచ్చే సగం వాదనలను ముందే తీర్చేస్తుంది.

బెంచి మీద

ఆర్ఎన్ఏ తీశాక దాని నాణ్యతకు రిన్ అనే అంకె వస్తుంది, 1 నుంచి 10 దాకా. చనిపోయినవాళ్ల మెదడులో 10 ఆశించకండి. రెండు గుంపులకూ రిన్ సమానంగా ఉందా అన్నదే అసలు సంగతి. ఒక గుంపు సగటు 8, ఇంకోదాని సగటు 6 అయితే, తర్వాత కనబడే తేడాల్లో ఎన్ని దీని పుణ్యమో తేల్చడం కష్టం.

ఈ పనికే ప్రత్యేకమైన ఉచ్చు డీఎన్ఏ కలగలుపు. డీఎన్ఏలో ఆ ఐదు చోట్లా ఎ మాత్రమే ఉంటుంది. కాబట్టి ఆర్ఎన్ఏతో పాటు కాస్త డీఎన్ఏ వచ్చినా అది అచ్చం ఎడిట్ కాని ఆర్ఎన్ఏ లాగే కనిపిస్తుంది. లెక్క వేయండి: నిజంగా 80 శాతం ఎడిటింగ్ ఉన్న నమూనాలో పీసీఆర్‌కు అందిన అణువుల్లో ఐదో వంతు డీఎన్ఏవి అనుకుంటే, మీకు వచ్చే అంకె 64. స్కిజోఫ్రీనియాలో ఎడిటింగ్ తగ్గింది అని పేపర్ రాసేయడానికి ఇది చాలు. మందులు మూడు: డీఎన్ఏస్ వేయడం, ప్రైమర్లను అటుపక్క ఎగ్జాన్‌లో ఒకటి, ఇటుపక్క ఎగ్జాన్‌లో ఒకటి పెట్టి మధ్యలో ఇంట్రాన్లు పడేలా చూడటం, ప్రతి నమూనాకూ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని గొట్టం ఒకటి నడపడం. మూడోది చాలామంది ఎగ్గొడతారు, ప్లేటులో సగం గుంతలు ఖాళీ గొట్టాలకే పోతున్నాయని. ఎగ్గొట్టకండి.

అలా ప్రైమర్లు పెట్టి జెల్ నడిపితే, మీరు ఎదురుచూసిన బ్యాండ్ కింద ఇంకో సన్న బ్యాండ్ కనిపించవచ్చు. ప్రైమర్ డైమర్ అని కొట్టిపారేయకండి. తేడా 95 అక్షరాలైతే అది స్ప్లైసింగ్ తేడా. ఎడిటింగ్ స్థానాలున్న 95 అక్షరాల ముక్కే ఎగిరిపోయి, కురచ రిసెప్టర్ తయారయ్యే ఆర్ఎన్ఏ అది. ఎడిటింగ్ జరిగితే ఆ ముక్క నిలిచే అవకాశం పెరుగుతుంది. అంటే ఎడిటింగ్‌నూ స్ప్లైసింగ్‌నూ విడివిడి కథలుగా చూడలేం. ఒకే ఆర్ఎన్ఏ నుంచి రెండూ కొలిచి, రెండూ రాసి ఉంచండి.

శాంగర్ సీక్వెన్సింగ్ తెర మీద ఎడిటింగ్ ఉన్నచోట ఆకుపచ్చ ఎ శిఖరం, నల్ల జి శిఖరం ఒకదాని మీద ఒకటి పడుకుని కనిపిస్తాయి. రెండింటి ఎత్తులతో శాతం అంచనా వేయవచ్చు. కానీ అది చోటుకొక శాతమే. ఎ స్థానంలో మారిన అణువే డి స్థానంలోనూ మారిందా అన్నది ఆ శిఖరాలు చెప్పలేవు. ఐ-ఎన్-ఐ ఎంత, వి-జి-వి ఎంత అని తేల్చాలంటే ఒక్కో అణువును విడిగా చదవాలి. ఐదు స్థానాలూ 13 అక్షరాల్లోనే ఉండటం ఇక్కడ మన అదృష్టం, చిన్న రీడ్ ఒక్కటైనా అన్నిటినీ ఒకేసారి చూస్తుంది.

మరో జాగ్రత్త. కార్టెక్స్‌లో ఈ ఆర్ఎన్ఏ తక్కువ. గొట్టంలోకి ఇరవై అణువులే వెళ్లి, పీసీఆర్ వాటిని లక్ష రీడ్లు చేస్తే మీ దగ్గరున్నది లక్ష సాక్ష్యాలు కాదు. ఇరవై మంది చెప్పిన మాటను లక్ష కరపత్రాలు అచ్చువేయించి లక్షమంది అభిప్రాయం అన్నట్టుంటుంది. రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ దశలోనే ఒక్కో అణువుకు విడి గుర్తు తగిలించే యూఎంఐ పద్ధతి వాడితే అసలు అణువులెన్నో లెక్క తెలుస్తుంది. అంత ఖర్చు పెట్టలేని ల్యాబ్‌లో, ఒకే ఆర్ఎన్ఏ నుంచి విడివిడిగా మూడు సీడీఎన్ఏలు చేసి పోల్చండి. మూడూ మూడు దారులు పట్టాయంటే అణువులు చాలలేదని అర్థం.

కంప్యూటర్ ముందు

ఫ్రీజర్ మొహం చూడకుండా డేటాతోనే పనిచేసే ఉద్యోగాలు ఇప్పుడు ఎక్కువ. అయినా పై విషయాలు తెలియకుండా కోడ్ రాయడం నేల విడిచి సాము చేయడమే. ఈ జన్యువు విషయంలో మూడు పొరపాట్లు తరచూ దొర్లుతాయి.

మొదటిది, అలైన్‌మెంట్. పూర్తిగా ఎడిట్ అయిన రీడ్‌లో 13 అక్షరాల్లోనే ఐదు తేడాలుంటాయి. తేడాల పరిమితి బిగించి పెడితే సాఫ్ట్‌వేర్ ఆ రీడ్లను పారేస్తుంది, మిగిలినవి ఎడిట్ కానివే కాబట్టి శాతం పడిపోతుంది. పరిమితి సడలించి ఒకసారి, బిగించి ఒకసారి నడిపి చూడండి. రెండోది, మనుషుల మధ్య సహజంగా ఉండే డీఎన్ఏ తేడాల (ఎస్ఎన్‌పీల) జాబితా అయిన డీబీఎస్ఎన్‌పీలో ఉన్న స్థానాలన్నీ గుడ్డిగా తీసేయడం. కొన్ని నిజమైన ఎడిటింగ్ స్థానాలు కూడా ఆ జాబితాలో ఎస్ఎన్‌పీలుగా నమోదై ఉన్నాయి. మూడోది, పది రీడ్ల మీద శాతం కట్టడం. పది రీడ్లలో ఒక్కటి అటూ ఇటూ అయితే పది శాతం తేడా. కనీసం ఎన్ని రీడ్లుంటే లెక్కలోకి తీసుకుంటారో ముందే రాసుకోండి.

పాలీ-ఎ పద్ధతి లైబ్రరీల్లో ఆర్ఎన్ఏ చితికి ఉంటే రీడ్లన్నీ జన్యువు చివరి వైపే పోగవుతాయి, ఎడిటింగ్ స్థానాల దాకా రావు. అందుకని ఏ ఫలితమైనా నమ్మే ముందు రీడ్లను తెర మీద చూపించే ఐజీవీ తెరిచి ఆ 13 అక్షరాలను కళ్లతో చూడండి.

గణాంకాల మాట ఒకటి. 32 రూపాలనూ ఒక్కొక్కటిగా పరీక్షించి 0.05 కన్నా తక్కువ వస్తే తేడా ఉందనుకుంటే, ఏ తేడా లేకపోయినా సగటున ఒకటో రెండో దొరుకుతాయి. ఏ రూపాన్ని, ఏ భాగంలో పోల్చబోతున్నారో డేటా తెరవకముందే తేదీ వేసి రాసి, సూపర్‌వైజర్‌కు మెయిల్ చేయండి. రేపు "ఇదొక్కటే బాగుంది, ఇదే రాద్దాం" అన్న ఒత్తిడి వచ్చినప్పుడు ఆ మెయిలే మీకు అండ. కాదని పెద్దవాళ్లతో అనడం మనవాళ్లకు మొహమాటం. "సార్, ముందు అనుకున్నది ఇదీ, ఇది తర్వాత కనబడింది, రెండూ విడిగా రాద్దామా" అని అడగండి, ఎవరి గౌరవానికీ లోటు రాదు. తేడా లేదన్నది కూడా ఫలితమే.

ఉద్యోగం ఎక్కడ, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు

మన దేశంలో దానం చేసిన మెదళ్లను భద్రపరిచే బ్యాంకు బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి ఉంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీలు జన్యువుల పనికి పేరున్నవి. మందుల వైపు ఆసక్తి ఉంటే, హైదరాబాద్‌కే చెందిన సువెన్ లైఫ్ సైన్సెస్ 5-హెచ్‌టీ6 అనే మరో సెరటోనిన్ రిసెప్టర్‌ను అడ్డుకునే మసుపిర్డిన్‌ను అభివృద్ధి చేస్తోంది. సెరటోనిన్ రిసెప్టర్ల చదువుకు సొంత ఊళ్లోనే గిరాకీ ఉందనడానికి అది గుర్తు. సీఎస్ఐఆర్-నెట్ జేఆర్ఎఫ్‌కు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, తర్వాత ఎస్ఆర్ఎఫ్‌కు 42,000, పైన ఇంటి అద్దె భత్యం. ప్రాజెక్ట్ పోస్టుల్లో జీతం, గడువు ప్రాజెక్టును బట్టి మారతాయి, చేరేముందే కాగితం మీద చూసుకోండి.

ల్యాబ్ దొరికేలోగా ఊరికే ఉండనక్కర్లేదు. రెడిపోర్టల్ అనే ఉచిత డేటాబేస్‌లో మనిషి కణజాలాల్లోని ఎడిటింగ్ స్థానాలు వెతుక్కోవచ్చు. అందులో హెచ్‌టీఆర్2సీ తీసి, మెదడులోని భాగాల మధ్య తేడా చూసి, రెండు పేజీల నోట్ రాయండి. జీటెక్స్ (మనిషి కణజాలాల ఆర్ఎన్ఏ డేటా సేకరణ), కామన్‌మైండ్ ముడి డేటాకు మాత్రం మీ సంస్థ తరఫున అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తు నింపడం తెలిసినవాళ్లు ల్యాబుల్లో తక్కువ. నేర్చుకుంటే మీకే విలువ.

ఇంటర్వ్యూలో ఏ యంత్రాలు నడిపారని అడుగుతారు, అది తేలికే. మంచి ల్యాబ్ అయితే ఆ వెంటనే "మీ పరీక్షలో తప్పు ఎక్కడ దూరుతుంది?" అని అడుగుతుంది. "పైపెటింగ్ లోపాలు" అని ఆగిపోకండి. మీరు చేసిన పరీక్ష ఒకటి ఎంచుకుని, తప్పు ఏ వైపు లాగుతుందో చెప్పండి: డీఎన్ఏ కలిస్తే శాతం తగ్గుతుంది, అలైన్‌మెంట్ బిగిస్తే తగ్గుతుంది, అణువులు తక్కువైతే ఎటైనా పోతుంది. తప్పు దిశ చెప్పగలిగిన అభ్యర్థిని బోర్డు మర్చిపోదు.

పక్కింటివాళ్లు అడిగితే

మెదడు మీద పనిచేస్తున్నారని తెలియగానే ఫోన్లు మొదలవుతాయి. "మావాడికి ఆ జబ్బే అమ్మా, మాత్రలేసుకుంటే లావైపోతున్నాడు, ఆపేయమంటావా?" అని ఓ పెద్దమ్మ అడుగుతుంది. జవాబు ముందే సిద్ధం చేసుకోండి: "ఆపొద్దు పెద్దమ్మా, బరువు సంగతి డాక్టరుగారికి చెప్పండి, మందు మార్చడమో మోతాదు చూడటమో ఆయన చేస్తారు." మీ ల్యాబ్‌లో కొలిచేది జబ్బును నిర్ధారించే పరీక్ష కాదు. మీ పేపర్ చూసి ఎవరికీ మందు మారదు. జబ్బున్నవాళ్లను పిచ్చివాళ్లనే మాట మీ నోట రాకూడదు, ల్యాబ్ కబుర్లలో కూడా. ముక్కల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకూడదు. ఆ మెదడు ఎవరి ఇంటివాళ్లో దుఃఖంలో ఉండి కూడా సంతకం పెట్టి ఇచ్చింది.

ఈ వారం చేయదగ్గ పని

మీ ల్యాబ్ పాత ఫలితాల్లోంచి ఒక్క అంకె ఎంచుకోండి. అది ఏ నమూనాది, ఎప్పుడు కోశారు, రిన్ ఎంత, ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని గొట్టంలో ఏమొచ్చింది, ఎన్ని రీడ్లు, ఏ సెట్టింగులు: వెనక్కి నడుచుకుంటూ ఒక పేజీలో రాయండి. దారి ఎక్కడ తెగిందో అక్కడ గీత గీసి, తేదీ వేసి సూపర్‌వైజర్‌కు చూపించండి. రేపటి నుంచి మీరు చేసే ప్రతి నమూనాకూ ఆ పేజీ పూర్తిగా ఉండేలా చూసుకోండి. కాంట్రాక్టు ముగిసి ఇంకో ల్యాబ్‌కు వెళ్లినప్పుడు, మీ తర్వాత వచ్చినవాళ్లు ఫోన్ చేసి అడగక్కర్లేకుండా ఆ పేజీలు చూసే పని కొనసాగించగలిగితే మీ పని మీరు సరిగ్గా చేసినట్టు.